పాత సామాన్లవాడు కూడా వద్దన్న పడవ

పాత సామాన్లు కొనేవాడొకడు ఏటా ఎండాకాలంలో కృష్ణ ఒడ్డుకు వచ్చేవాడు. అరిగిన నాగలి కర్రు, తుప్పు పట్టిన పంపుసెట్టు, చిల్లు పడ్డ ప్లాస్టిక్ బిందె, ఏదీ వదిలేవాడు కాదు. నా దగ్గరకొచ్చి మాత్రం కాలితో ఓ తన్ను తన్ని, "కరగదు, కాలదు, ఎవడూ కొనడు" అని గొణుక్కుంటూ పోయేవాడు. తన్నుకు బాధ లేదు. మాటే తగిలింది. చెక్క పడవైతే ఆ పాటికి ఎవరి పొయ్యిలోకో చేరేది. గంపలాంటి పుట్టి అయితే దాని వెదురు మట్టిలో కలిసిపోయేది. నేను ఫైబర్ బోటుని. గాజుపీచు, రెజిన్ కలిసి ఒకసారి బిగిశాక ఇనుములా కరగబెట్టి ఇంకోటి పోసుకోవడానికి లేదు. కాలిస్తే నల్లటి పొగ, ఊరంతా కంపు. నాకు చావడానికి కూడా సరైన దారి లేదన్నమాట.

మా వంశం పొరపాటున పుట్టింది. 1932లో అమెరికాలో డేల్ క్లైస్ట్ అనే యువకుడు గాజు దిమ్మెలు అతికించబోతుంటే, కరిగిన గాజు ధారకు గాలి ఊపుగా తగిలి సన్నటి పీచై చిమ్మింది. పదేళ్లకు, 1942లో, ఒహాయో రాష్ట్రం టొలీడోలో రే గ్రీన్ అనే ఆయన ఆ పీచును పాలియెస్టర్ రెజిన్‌లో తడిపి చిన్న పడవ పోశాడు. మా తాతముత్తాతల సంగతి ఇంతే నాకు తెలుసు.

నేను పుట్టింది కాకినాడ దగ్గర, ఓ తాటాకుల పాకలో. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి తీరంలో పడవలు పోయాక, మరుసటి ఏడంతా ఎక్కడ చూసినా బోట్లు పోసేవాళ్లే. అచ్చుకు మైనం రుద్ది, జెల్‌కోటు అనే నున్నటి పూత పూసి, దాని మీద గాజుపీచు మాట్ పరిచి రెజిన్‌తో తడిపి, మళ్లీ మాట్, మళ్లీ రెజిన్. పద్దెనిమిది అడుగుల పొడవు వచ్చాను. ఇంజను బిగించే అమరం చెక్క లోపల 710 గ్రేడు మెరైన్ ప్లై వేయాలి. నాకు వేసింది గుమ్మం తలుపులకు వాడే రకం. ఎవరినీ అనను, అప్పుడు అందరికీ తొందరే. రెండేళ్లకు తీరంలో చేపలకంటే బోట్లు ఎక్కువయ్యాయని జనం నవ్వుకునే రోజులొచ్చాయి. నన్నో కాంట్రాక్టరు కొని లారీ ఎక్కించాడు. హైదరాబాదు, మహబూబ్‌నగర్, మక్తల్ దాటి, నిజాం కాలపు వంతెన మీదుగా కృష్ణ దాటాం. ఎదురుగా శక్తినగర్ థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు. రాయచూరు జిల్లాలో నా మొదటి చూపు అదే.

పని ఏమిటంటే కురువపురం భక్తులను దాటించడం. కృష్ణ మధ్య దీవి అది, శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం. ఇటు రాయచూరు వైపు ఆత్కూరు, అటు తెలంగాణ వైపు పంచదేవ్ పహాడ్. ఈ రేవుల్లో రాజ్యం నాది కాదు, పుట్టిది. కన్నడంలో హరిగోలు అంటారు. పెద్ద గంపలా అల్లిన వెదురు, కింద తారు పూసిన పట్టా. ఒకప్పుడు పట్టాకు బదులు తోలు ఉండేది. పదహారో శతాబ్దంలో విజయనగరం చూసిన పోర్చుగీసు డొమింగో పేస్ ఈ గుండ్రటి పడవల గురించి రాశాడు. ఒక్కోదాంట్లో పదిహేను, ఇరవై మంది ఎక్కేవాళ్లట, గుర్రాలనూ ఎద్దులనూ కూడా దాటించేవాళ్లట. నాకది మొదట్లో తమాషాగా ఉండేది. ముందూ వెనకా లేనిది కూడా పడవేనా అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఇక్కడ కృష్ణ అంటే నీళ్లలో దాక్కున్న బండలు. పుట్టికి మోకాలి లోతు నీళ్లు చాలు, బండకు తగిలితే బొంగరంలా తిరిగి పక్కకు జారిపోతుంది. నేనైతే ముక్కు గుద్దుకుని ఆగిపోతాను. నా ఇంజను ఫంకా అయితే అంతకంటే ముందే మొర్రో అంటుంది. పుట్టి పెద్ద క్షేమమని కాదు. 2020 ఆగస్టులో ఈ చుట్టుపక్కలే కృష్ణలో పుట్టి తిరగబడి ప్రాణాలు పోయాయి. అప్పుడు నేను అరవై మైళ్ల దూరంలో ఓ వాకిట్లో, వేపచెట్టు కింద, గోనెపట్టా కప్పుకుని ఉన్నాను. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు అంటే మీరు నమ్మరు, పడవకు నిద్రేమిటంటారు.

ఇంకో విచిత్రం చెప్పాలి. నన్ను పాడు చేసింది మంచినీళ్లు. సముద్రం ఉప్పు కదా, ఒంటికి చేటు అనుకుంటారు. ఫైబర్‌కు మంచినీళ్లే ఎక్కువ చేటు. జెల్‌కోటు కిందికి నీరు మెల్లగా ఇంకి, లోపల సరిగా కలవని మందులతో కూడి, మరింత నీటిని లాక్కుంటుంది. అలా రెండేళ్లలో నా అడుగంతా పొక్కులు. చెక్క కూడా అంతే, ఉప్పులో ఊరితే కొన్నాళ్లు ఆగుతుంది, తీపినీళ్లలో కుళ్లుతుంది. నా అమరంలోని తలుపు చెక్క లోపల్లోపల మెత్తబడింది. పైకి మాత్రం నిగనిగలాడుతూనే ఉన్నాను.

2009లో, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో, కృష్ణా తుంగభద్రా రెండూ ఒకేసారి పొంగాయి. అటు కర్నూలు మునిగింది, మంత్రాలయం మునిగింది. నన్ను తుమ్మచెట్టుకు కట్టేసి అందరూ గట్టెక్కారు. తాడు తెగలేదు, అదే నా ఖర్మ. తెగితే కొట్టుకుపోయేదాన్ని. రాత్రంతా ఒకే బండకు కుడిపక్క కొట్టుకుంటూ ఉన్నాను. తెల్లారేసరికి అణియానికి, అంటే నా ముక్కుకు, మూరెడు దూరంలో సొరకాయంత బొక్క. కాంట్రాక్టరు వచ్చి చూసి ఇంజను విప్పుకుపోయాడు. నన్ను మళ్లీ చూడలేదు.

తొమ్మిదేళ్లు. ఆ కాలం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎవరో నాలో పిడకలు పేర్చారు, తర్వాత పత్తికట్టె. ఓ కోడి గుడ్లు పొదిగింది.

2018లో శివరాత్రి వెళ్లాక, మాన్వి తాలూకా క్యాంపులో ఉండే మోటారు మెకానిక్కు ఒకాయన నది ఒడ్డు పంపుసెట్లు బాగుచేయడానికి వచ్చి నన్ను చూశాడు. క్యాంపంటే మీకు తెలుసో లేదో. తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లొచ్చాక, కోస్తా జిల్లాల రైతులు అక్కడి ఎకరం రెండెకరాలు అమ్ముకుని ఇక్కడి నల్లరేగడిలో ఎన్నో ఎకరాలు కొనుక్కుని వరి వేశారు. వాళ్ల ఊళ్లే క్యాంపులు. ఈయన తల్లి అమలాపురం దగ్గర పుట్టి, పెళ్లయి ఈ నేలకు వచ్చింది. కోటిపల్లి రేవులో పడవ ఎక్కి ముక్తేశ్వరం దిగడం తప్ప వేరే ప్రయాణం తెలియని పిల్ల, మైళ్ల దూరం జొన్నచేలు తప్ప ఏమీ కనిపించని చోటికి కాపురానికొచ్చింది. నేను ట్రాక్టరు ట్రక్కులో ఆ వాకిట్లోకి వెళ్లగానే ఇంట్లోవాళ్లందరూ ఆయన్ని తిట్టారు. ముసలావిడ ఒక్కతే కర్ర ఊనుకుంటూ వచ్చి నా అణియం మీద చెయ్యి వేసింది. "ఏరా, దీని సరంగు ఎవరు?" అంది.

మెకానిక్కు మొదట చేసిన పని వినడం. రూపాయి బిళ్లతో నా ఒళ్లంతా కొట్టుకుంటూ వచ్చాడు, సంతలో కుండ కొట్టి చూసినట్టు. టంగుమన్నచోట వదిలేశాడు, డబ్బుమన్నచోట సుద్దముక్కతో గీత గీశాడు. సాయంత్రానికి అమరమంతా గీతలే. మర్నాడు గ్రైండరుతో ఆ చెక్క మీది తోలు కోస్తే లోపల ప్లైవుడ్డు లేదు, తడిసిన కాఫీపొడిలాంటిదేదో ఉంది. గరిటెతో తోడి బకెట్లో పోశాడు. పొక్కులు ఒక్కొక్కటే చిదిపితే పులిసిన వాసనతో చెమ్మ కారింది. మంచినీళ్లతో కడిగి నన్ను బోర్లా వేసి నెల రోజులు వదిలేశాడు. రాయచూరు ఎండను అందరూ తిడతారు. నాకు అంత మంచి వైద్యం ఏ తీరంలోనూ దొరికేది కాదు.

హైదరాబాదులో బియ్యం దింపి ఖాళీగా వచ్చే లారీలో రెజిన్ డబ్బాలు, మాట్ చుట్ట, 710 ప్లై పలక వచ్చాయి. మేనల్లుణ్ణి పక్కన పెట్టుకున్నాడు. వాడికి మొదటి పాఠం కోబాల్టు, క్యాటలిస్టు గురించి.

"రెండూ నేరుగా కలిపితే పేలుద్ది. ముందు కోబాల్టు రెజిన్‌లో వేసి బాగా కలుపు. ఆ తర్వాతే క్యాటలిస్టు."

"అంటే మావయ్యా, తోడికోడళ్ల మధ్య అత్త ఉండాలన్నమాట."

ఆ మాటకు వంటింట్లోంచి గరిటె చప్పుడు ఒకటి గట్టిగా వినిపించింది.

మొదటి రోజు పదింటికి కలిపారు. మాట్ తడపకముందే మగ్గులోని రెజిన్ వేడెక్కి, పొగలు కక్కి, రాయిలా బిగిసింది. మగ్గు విసిరేశారు. మర్నాటి నుంచి పని తెల్లవారుజాము నాలుగున్నరకు, బల్బు వెలుతుర్లో. కిలో రెజిన్‌కు క్యాటలిస్టు కొలత కూడా పది మిల్లీలీటర్లకు దించారు. బొక్క పూడ్చడం నేను అనుకున్నట్టు అతుకు వేయడం కాదు. నా మందం పావంగుళం ఉన్నచోట, అంచు చుట్టూ మూడంగుళాల మేర ఏటవాలుగా చెక్కాడు. కొత్త పొర పాతదాన్ని పట్టుకోవాలంటే అంత జాగా కావాలి. లోపలి వైపు పాలిథీన్ చుట్టిన అట్ట ఆనించి, మాట్, దాని మీద నేసిన రోవింగు, మళ్లీ మాట్, ఒక్కో పొరా కొంచెం కొంచెం పెద్దది. చిన్న ఇనుప రోలరుతో గాలి బుడగలు తరిమేవాడు. గాలి ఉన్నచోట తెల్లమచ్చలా కనిపిస్తుంది. తడి సరిగా పట్టిందంటే మాట్ మాయమై గాజులా అవుతుంది. అది చూడటానికి పక్కింటి పిల్లలు పొద్దున్నే లేచి వచ్చేవాళ్లు.

ఓ పొరపాటూ జరిగింది. గాలి తగిలే చివరి పూత ఆరాలంటే అందులో మైనం కలపాలి. లేకపోతే పైన జిగురు అలాగే ఉండిపోతుంది. ఆయన మరిచిపోయాడు. ఉగాది వెళ్లిన రోజులు, నా మీద వేపచెట్టు. రాత్రికి రాత్రి నా ఒళ్లంతా వేపపూత అంటుకుంది. చాలా మటుకు ఉప్పుకాగితంతో గీకేశాడు గానీ, కుడిపక్క అతుకు దగ్గర రెండు పూలు ఇప్పటికీ పొర కిందే ఉన్నాయి.

ఇల్లాలి కష్టం చెప్పకపోతే పాపం. గాజుపీచు దురద ఒక్కరితో పోయేది కాదు. ఆయన చొక్కా విడిగా ఉతకాలి, ఒంటికి కొబ్బరినూనె రాయాలి. రెజిన్ వాసన అన్నంలోకి కూడా వచ్చేది. "ఏవండీ, ఈ పడవ మనల్ని ఏ ఊరు తీసుకెళ్తుంది?" అని ఆవిడ అడిగేది. ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. నా దగ్గర అసలే లేదు.

వానలు మొదలయ్యాక పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డు ఇంజను ఒకటి తెచ్చాడు. అందులో నీళ్లు లాగే రబ్బరు చక్రం ఎండి రేకులు విరిగి ఉంది. కొత్తది వేసి, గేదెల కుడితి తొట్టిలో ఫంకా ముంచి తాడు లాగాడు. ఇరవయ్యోసారికి అంటుకుంది. ఇంజను చల్లబడుతోందనడానికి గుర్తుగా వెనక నుంచి సన్నటి ధార చిమ్మాలి. చిమ్మింది. పిల్లలు "ఉచ్చ పోస్తోంది, ఉచ్చ పోస్తోంది" అని గంతులేశారు. గేదె మాత్రం వారం రోజులు ఆ తొట్టిలో నోరు పెట్టలేదు.

కార్తీకంలో నన్ను ఆత్కూరు రేవుకు తీసుకెళ్లారు. జనాన్ని డబ్బులకు ఎక్కించే ఉద్దేశం ఆయనకు లేదు, దానికి అనుమతులు వేరే. తల్లిని ఒక్కసారి తిప్పాలి, అంతే. ముసలావిడ నా అణియానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. మేనల్లుడు లైఫ్ జాకెట్టు తొడగబోతే మొదట సిగ్గుపడింది, తర్వాత చీర మీద తానే బిగించుకుంది. నీళ్లు నిండుగా, నెమ్మదిగా ఉన్నాయి. తొమ్మిదేళ్ల తర్వాత అడుగు తడిసింది. ఎక్కడా చెమ్మ రాలేదు. ఇంజను చప్పుడుకు ఒడ్డున కొంగలన్నీ లేచాయి. పుట్టివాళ్లు తెడ్లు ఆపి చూశారు. నాకు గర్వంగానే ఉంది, అబద్ధం ఎందుకు.

సగం దూరం పోయామో లేదో, నీళ్ల కింద ఠక్కుమంది. ఇంజను గొంతు ఒక్కసారిగా పైకి లేచింది, ఫంకా తిరగడం మానేసింది. బండ తగిలి షియర్ పిన్ను తెగింది. తెగాలనే పెడతారు దాన్ని, లేకపోతే లోపలి పళ్లచక్రాలు పోతాయి. కొత్త పిన్నులు అరడజను కొన్నాడాయన. అవి ఇంట్లో, పనిబల్ల సొరుగులో భద్రంగా ఉన్నాయి.

మెల్లగా కిందికి కొట్టుకుపోతున్నాం. ఆయన జేబులు తడుముకుంటున్నాడు, మేనల్లుడు గడ వేస్తే నేల అందడం లేదు. ఇంతలో ఓ పుట్టి పక్కకొచ్చింది. నడిపేవాడికి అరవై దాటి ఉంటాయి.

"ఏమన్నా, ఇంజను సచ్చిందా? తాడియ్యి."

నా అణియం కొంకికి కట్టిన తాడు పుట్టి వెదురుకు చుట్టాడు. ఎదురుగా పోరాడలేదు. ప్రవాహానికి అడ్డంగా, ఏటవాలుగా, అటొక తెడ్డు ఇటొక తెడ్డు వేస్తూ బండల సందుల్లోంచి లాక్కుపోయాడు. ఏ బండ ఎక్కడుందో నీళ్ల మీది ముడతలు చూసి చెప్పేశాడు. ముందూ వెనకా లేనిది నన్ను లాక్కుపోతోంది.

మెకానిక్కు ఇంజను మూత తీసి, మేకు ఏదైనా దొరుకుతుందేమోనని అడుగు చెక్కలు వెతుకుతున్నాడు. ముసలావిడ పక్కకు వంగి అరచెయ్యి నీళ్లలో ఉంచింది. వేళ్ల సందుల్లోంచి కృష్ణ పోతోంది.

"ఒరేయ్," అంది, "దాన్ని ఇప్పుడే బాగుచెయ్యకు."