కాగితపు బెజవాడకు వలసపోదాం

ప్లానుకు విరుద్ధంగా కట్టుకున్న ఇళ్ళను క్రమబద్ధం చేసుకోవడానికి ఇదే ఆఖరి అవకాశమని ఏలినవారు మళ్ళీ సెలవిచ్చారు. 1985 జనవరి 1 నుంచి 2025 ఆగస్టు 31 దాకా కట్టిన అక్రమాలన్నీ రుసుము చెల్లించి సక్రమం కావచ్చట. 2007లో వచ్చిన బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్ (బీపీఎస్) ఆఖరిది. 2015లో వచ్చింది కూడా ఆఖరిదే. 2019 నాటిది మరీ ఆఖరిది. ఇప్పటిది వాటన్నిటికీ ఆఖరిది. పుష్కరాలైనా పన్నెండేళ్ళు ఆగి వస్తాయి గానీ, ఈ పాపప్రక్షాళనకు అంత ఓపిక లేదు.

ఈ కబురు విన్నాక నాకు జ్ఞానోదయమైంది. మనం ఇన్నాళ్ళూ తప్పు ఊళ్ళో కాపురం ఉంటున్నాం.

బెజవాడలు రెండున్నాయి. ఒకటి సిమెంటుది. మనం అద్దెలు కట్టేది, దోమలు కుట్టించుకునేది అందులోనే. రెండోది కాగితానిది. అది టౌన్ ప్లానింగ్ వారి బీరువాల్లోనూ సర్వర్లలోనూ భద్రంగా ఉంది. అంత అందమైన నగరం భూమ్మీద ఇంకోటి లేదు. అక్కడ ప్రతి ఇంటి చుట్టూ గాలి ఆడుతుంది. ఎంత చిన్న స్థలమైనా వీధి వైపు మీటరున్నర ఖాళీ ఉంటుంది. ప్రతి ఇంటికీ ఇంకుడు గుంత ఉంటుంది. చెట్లు పైనుంచి చూసినట్టు గుండ్రటి ఆకుపచ్చ సున్నాల్లా ఉంటాయి, ఆకులు రాలవు, ఊడ్చే పని లేదు. కింద పార్కింగులో కార్లు ఒక్క గీత కూడా దాటకుండా బుద్ధిగా నిలబడి ఉంటాయి. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌ వీధుల్లో పడవలు తిరిగినప్పుడు కూడా ఆ ఊళ్ళో చుక్క నీరు నిలవలేదు. కాగితం మీద బుడమేరు వాగు తన గట్టు దాటదు.

ఈ ఊరు ఎలా పుడుతుందో ఇల్లు కట్టినవాళ్ళందరికీ తెలుసు. ఇంజనీరు గారు బల్ల మీద రెండు కాగితాలు పరుస్తారు.

“ఇది ఆన్‌లైన్‌లో పెట్టేది. ఇది మేస్త్రీకిచ్చేది. రెండూ కలిపెయ్యకండి సార్, గొడవైపోతుంది.”

మొదటి కాగితంలో డాబా మీద మెట్ల తాలూకు హెడ్‌రూం ఉంటుంది. రెండో కాగితంలో అదే చోట అటాచ్డ్ బాత్రూముతో రెండు పడగ్గదులుంటాయి. మొదటిదాంట్లో కారు నిలిపే చోటు, రెండోదాంట్లో షట్టర్ల కొలతలతో సహా రెండు షాపులు. ఇంటావిడకు మాత్రం ఒక సందేహం మిగిలిపోతుంది.

“మరి పక్కన మీటరు వదలాలన్నారు కదండీ?”

“వదిలాం కదమ్మా, కాగితంలో!”

సిద్ధాంతి గారు వంటగది గోడ రెండంగుళాలు జరపమంటే, పోసిన పిల్లరు పగలగొట్టయినా జరుపుతాం. కార్పొరేషన్ వదలమన్న మీటరులో మోటారు, గ్యాసు బండ, వాషింగ్ మెషీను పెట్టి పైన రేకు వేసేస్తాం. కొన్ని వీధుల్లో ఆ రేకు పెట్టే చోటు కూడా లేదు. పక్కింటివాళ్ళు కరివేపాకు అడిగితే గుమ్మం దాకా వెళ్ళక్కర్లేదు, కిటికీలోంచి కిటికీలోకి అందించెయ్యచ్చు.

కాగితపు బెజవాడలో జనం లేరనుకుంటే పొరపాటు. టౌన్ ప్లానింగ్ అధికారులు అక్కడి పౌరులే. సిమెంటు ఊరికి డెప్యుటేషన్ మీద వచ్చారు. అందుకే ఇక్కడ వాళ్ళకు చూపు ఆనదు. రాత్రి రెండింటికి వీధంతా అదిరేలా మిల్లరు తిరిగి ఐదో స్లాబు పడుతున్నా వినపడదు. ఇసుక లారీ దిగిన గంటలో టౌన్ ప్లానింగ్ చైన్‌మన్ మాత్రం వచ్చి వాలతాడు. అతనికి రెండు ఊళ్ళలోనూ పౌరసత్వం ఉంది. ఇంకో చిత్రం చూడండి. అదే ఆఫీసులో ఇంటి పన్ను వేసే విభాగానికి ఆ ఐదో అంతస్తు చక్కగా కనబడుతుంది, గజాలతో సహా. అనుమతి లేని కట్టడమని పన్ను మీద పెనాల్టీ కూడా వేస్తుంది. ఒక గదిలో లేని అంతస్తు పక్క గదిలో ఏటా పన్ను కడుతుంటుంది.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక విన్నపం. సిమెంటు బెజవాడను ఇలాగే వదిలేసి, జనాన్నంతా కాగితపు బెజవాడకు తరలించండి. కాగితం మీద రాజధానులు నిలబెట్టిన అనుభవం మనకు ఉండనే ఉంది. చిన్న ఇబ్బందల్లా కొలతలతోనే. ప్లాను వందో వంతు స్కేలులో గీశారు కాబట్టి, ఐదున్నర అడుగుల మనిషి అర అంగుళం పైచిలుకుకు కుదించుకోవాలి. అదేమంత కష్టం కాదు. రెండు గదుల వాటాలో ఆరుగురు సర్దుకునే జాతి మనది. బరువు కూడా తగ్గాలి, లేకపోతే కాగితం చిరుగుతుంది. ఫైలులో పడుకునేటప్పుడు మడతపడకుండా పడుకోవాలి. పెళ్ళిళ్ళకు పందిరి వెయ్యాలంటే పెన్సిలు చాలు. అత్తాకోడళ్ళకు పడకపోతే మధ్యలో ఒక గీత గీస్తే వేరు కాపురం. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ ఫైరింజను ఏ సందులోకైనా అవలీలగా వెళ్ళి, తిరిగి బయటకొస్తుంది.

కానీ ఏలినవారు దీనికి ఒప్పుకోరు. వాళ్ళ పద్ధతి ఇంకా గొప్పది. ఇంటిని ప్లాను దగ్గరికి తేవడం కష్టమని, ప్లానునే ఇంటి దగ్గరికి నడిపిస్తారు. చలానా కట్టగానే కాగితంలో ఐదో అంతస్తు మొలుస్తుంది. ఆకుపచ్చ సున్నాలు చెరిగిపోతాయి. మీటరు గాలి మాయమవుతుంది. కార్లు లేచిపోయి షట్టర్లు దిగుతాయి. నాలుగు బీపీఎస్‌లు గడిచేసరికి కాగితపు బెజవాడ కూడా అచ్చం మన బెజవాడలాగే తయారవుతోంది. వలసపోదామనుకున్న ఆ ఒక్క ఊరూ మనకు దక్కదు.

నవ్వులాట ఇక చాలు. గోడలకు ప్లాను తెలియదు గానీ మంటకు తెలుసు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. పొగ మెట్ల మీదుగా పైకి పాకి ఎనిమిది మందిని మింగింది. 2023 నవంబరులో హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో కుటుంబాలు బతకాల్సిన అపార్టుమెంటు కింద రసాయనాల డ్రమ్ములు పెట్టారు. కనీసం తొమ్మిది మంది పోయారు. 2016 డిసెంబరులో నానక్‌రాంగూడలో అనుమతి లేకుండా లేస్తున్న ఏడంతస్తుల భవనం కూలి పదకొండు మంది చచ్చిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది విజయనగరం నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన కూలీలు. వాళ్ళకు కాగితం మీద ఇల్లు లేదు, సిమెంటులోనూ లేదు. ఏ పథకంలో ఏ చలానా కడితే వాళ్ళు క్రమబద్ధమవుతారు?

రసీదు మెట్లను వెడల్పు చెయ్యదు. సన్నటి పిల్లరును లావు చెయ్యదు. యాభై గజాల్లో ఇంటిల్లిపాదీ తలదాచుకోవాలనుకున్న పేదవాడి మీద నాకు కోపం లేదు. అతని కోసం నిబంధన సడలించండి, ముందే, బహిరంగంగా. అప్పు చేసి కట్టుకుంటూ కూడా చట్టం చెప్పిందని మీటరు వదిలి, ఒక గది పోగొట్టుకున్న మనిషి ఒకడున్నాడు. ప్రతి బీపీఎస్ అతని మొహం మీద నువ్వు వెర్రివాడివని రాస్తోంది. వదలనివాడికి గది మిగిలింది, ఇప్పుడు దానికి పట్టం కూడా కడుతున్నారు.

ఇంటి యజమాని ఎంత కట్టాలో ఇప్పటి బీపీఎస్ జీవోలో లెక్కలు వేసి మరీ రాశారు. స్లాబు పడిన రాత్రి ఆ వార్డు ఎవరి చేతిలో ఉందో, నోటీసు ఎందుకు వెళ్ళలేదో, వెళ్ళినది ఎవరి ఫోనుతో ఆగిందో రాసే పట్టిక ఏదీ? నలభై ఏళ్ళలో లక్షల పిల్లర్లు లేస్తుంటే చూస్తూ కూర్చున్న అధికారులూ, వాళ్ళ నోరు మూయించిన నాయకులూ కట్టాల్సిన జరిమానా గజానికెంత? ఆ పట్టిక ముందు అచ్చు వెయ్యండి. అది వెయ్యని వాళ్ళకు ఇదే ఆఖరిసారి అని మాతో చెప్పే అర్హత లేదు.