30కి 30

పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల విజయవాడలో ఎంపీసీ అనాలి, కాదంటే బైపీసీ అనాలి. మూడో మాట ఒకటుందని చాలా ఇళ్ళలో తెలియదు. పండు సైకాలజీ అంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ పెరుగన్నం దాకా వెళ్ళలేదు. మర్నాడు మేనత్త ఫోను చేసి, "పిచ్చాసుపత్రిలో ఉద్యోగమా తల్లీ?" అని అడిగింది. తండ్రి కొన్నాళ్ళు ముభావంగా తిరిగి, చివరికి ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో పదకొండో తరగతికి ఫీజు కట్టి వచ్చాడు.

"ఇంతకీ అందులో ఏం చెప్తారే?" అని అడిగింది నానమ్మ ఒక్కతే.

"మనిషి దేన్ని పట్టించుకుంటాడు, దేన్ని వదిలేస్తాడు, ఏది గుర్తుపెట్టుకుంటాడు, ఏది మర్చిపోతాడు, అదంతా చెప్తారు నానమ్మా."

"దానికి బడెందుకూ! కొన్నాళ్ళు కాపరం చేస్తే తెలీదూ?"

పండు నవ్వేసింది. నానమ్మ మాటలకి నవ్వడం ఆ ఇంట్లో అలవాటు.

చదువు మాత్రం బాగానే పట్టుకుంది. జ్ఞాపకం పాఠంలో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పెద్దమనిషి ఉన్నాడు. అర్థం పర్థం లేని అక్షరాల ముక్కలు వందలకొద్దీ తనే బట్టీ కొట్టి, ఎంతసేపటికి ఎంత పోయిందో తన మీదే లెక్కకట్టి, 1885లో పుస్తకం వేశాడు. గంట తిరిగేసరికి సగానికి పైగా పోతుందని ఆయన లెక్క. ఆ పాఠాన్ని కూడా పిల్లలు బట్టీయే కొట్టారు. పరీక్షయిన గంటకి ఆయన లెక్క అక్షరాలా నిజమైంది.

శ్రద్ధ గురించి చెప్పిన రోజు మేడమ్ వీడియో వేశారు. సైమన్స్, చాబ్రిస్ అనే ఇద్దరు 1999లో అచ్చు వేసిన ప్రయోగం అది. తెల్ల చొక్కాలవాళ్ళు బంతి ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమంటారు. మధ్యలో గొరిల్లా వేషంలో ఒక మనిషి నడిచొచ్చి, గుండెలు బాదుకుని వెళ్తుంది. చూసినవాళ్ళలో ఇంచుమించు సగం మందికి ఆ గొరిల్లా కనబడనే లేదు. లెక్కలో పడ్డ కంటికి వేరేది ఆనదు. పండుకి కనబడింది. నా కళ్ళు దాటి ఏదీ పోదని వారం రోజులు చెప్పుకుంది.

ఆ తరవాత వచ్చింది ఎలిజబెత్ లాఫ్టస్. పండు ఆవిడతో ప్రేమలో పడిపోయింది. 1974లో లాఫ్టస్, పామర్ కలిసి విద్యార్థులకి కారు ప్రమాదాల ఫిలిం చూపించారు. కార్లు "తగిలినప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని అడిగితే గంటకి దాదాపు 32 మైళ్ళన్నారు. "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అని అడిగితే దాదాపు 41 అన్నారు. ఇంకో జట్టుని వారం తరవాత పిలిచి, అద్దం ముక్కలు చూశారా అని అడిగారు. ఫిలింలో అద్దం పగల్లేదు. అయినా "నుజ్జు" మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. ప్రశ్నలో ఒక మాట మారిస్తే జ్ఞాపకంలో అద్దం పగిలింది. మన కోర్టుల్లో సాక్షుల్ని తయారుచేసే ప్లీడర్లకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదనుకోండి.

పండుని అసలు పట్టుకున్నది వేరేది. జరగని సంగతిని మొత్తానికి మొత్తం మనిషి బుర్రలో నాటొచ్చా? యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో లాఫ్టస్ దగ్గర చదువుకునే జిమ్ కోన్ అనే కుర్రాడు అదనపు మార్కుల కోసం తన తమ్ముడి మీదే అది చేసి చూశాడు. చిన్నప్పుడు నువ్వు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావని చెప్పి, రోజూ గుర్తున్నది రాయమన్నాడు. పద్నాలుగేళ్ళ తమ్ముడు కొద్దివారాల్లో తనని కాపాడిన ముసలాయన బట్టతల, కళ్ళజోడు, చొక్కా కూడా చెప్పేశాడు. ఆ తరవాత లాఫ్టస్, పిక్‌రెల్ పద్ధతిగా 24 మంది మీద చేసి 1995లో ప్రచురించారు. ఒక్కొక్కరికీ వాళ్ళ ఇంటివాళ్ళు చెప్పిన మూడు నిజం సంగతులు, ఒక కల్పిత సంగతి కలిపి ఇచ్చారు. నాలుగో వంతు మంది కల్పితాన్ని కొంతో పూర్తిగానో నమ్మారు.

"మేడమ్, నా ప్రాజెక్టు ఇదే," అంది పండు. థియరీకి 70, ప్రాక్టికల్స్‌కీ ప్రాజెక్టుకీ 30 మార్కులు.

మేడమ్ కాసేపు ఆలోచించారు. "ఎవరి మీద చేస్తావు?"

"తమ్ముడు లేడు మేడమ్. నాన్న ఉన్నాడు."

"ముందు ఆయన ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఏం ప్రయోగమో పూర్తిగా చెప్పకపోయినా, చిన్ననాటి జ్ఞాపకాల మీద అని చెప్పు. అయిపోగానే అసలు విషయం దాచకుండా చెప్పెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, అది జరగలేదని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పాలి. ఈ ప్రయోగాన్ని తప్పుపట్టినవాళ్ళు పట్టుకున్నది అక్కడే. పిల్లలు తప్పిపోవడం మామూలే, పెద్దవాళ్ళు మర్చిపోయి ఉండొచ్చు కదా అన్నారు. అందుకని ఒకటికి మూడుసార్లు అడుగు."

తండ్రి ప్రయోగానికి సరైన మనిషి. బ్యాంకు ఉద్యోగం, జ్ఞాపకశక్తి మీద మహా గర్వం. 1983 వరల్డ్ కప్ ఫైనల్లో మనవాళ్ళు 183, వాళ్ళు 140 అని మొదలుపెడితే ఎవరు ఎవరి బౌలింగులో అవుటయ్యారో చెప్పేదాకా లేవడు. ఇలాంటి మనిషిని పడగొడితే మార్కులు బాగా పడతాయని పండు లెక్క.

నిజం సంగతుల కోసం నానమ్మ దగ్గర కూర్చుంది. నానమ్మ మూడు చెప్పింది. తేలు కుట్టింది, పక్కింటాయన సైకిలు మీద కాంపౌండరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఐదు పైసల బిళ్ళ మింగాడు, ఎదురింటావిడ అరటిపళ్ళు తెచ్చి పెట్టింది. బడికి పంపిన మొదటిరోజే పలక పగిలింది, కొత్తది కొనడానికి డబ్బుల్లేక వీధి చివర టీచరమ్మ ఇచ్చిన ముక్క పలకతో ఏడాదంతా గడిచింది. మూడింట్లోనూ వీధంతా ఉంది. హాల్లో దండేసిన ఫోటోలో ఉన్న తాతయ్య మాత్రం ఒక్కదాంట్లోనూ లేడు. పండు అది రాసుకోలేదు. ఆమెకి కావలసింది మూడు సంగతులు, మూడూ దొరికాయి.

1980లో విజయవాడలో మాల్ లేదు. పిల్లాడు తప్పిపోవాలంటే జనం కావాలి. పండుకి వెంటనే తోచింది కృష్ణా పుష్కరాలు. 2016లో ఊరంతా నదికి వెళ్తే మోకాళ్ళ నొప్పులని నానమ్మ ఇల్లు కదల్లేదు, ఆమెకి తోడుగా తనని ఉంచేశారు. ఆ ఉక్రోషం ఇంకా ఉంది. వెనక్కి పన్నెండేళ్ళ చొప్పున లెక్కపెడితే 2004, 1992, 1980. అప్పటికి నాన్నకి ఐదేళ్ళు. సరిగ్గా సరిపోయింది.

"నానమ్మా, పుష్కరాల్లో నాన్న ఎప్పుడైనా తప్పిపోయాడా?"

"వాడు తప్పిపోలేదు."

"బాగా ఆలోచించు. జనంలో చెయ్యి వదిలేసి ఎటైనా వెళ్ళాడా?"

"వాడు తప్పిపోలేదే."

మూడోసారి మర్నాడు అడిగింది. అదే జవాబు, అంతే చప్పున. పెద్దవాళ్ళు సాధారణంగా ఆలోచిస్తారు, ఏమో అంటారు, ఇంకెవరి సంగతో కలిపేస్తారు. నానమ్మకి కీ పేపరు కంఠతా వచ్చినట్టుంది. పండు ఫారం మీద టిక్కు పెట్టి, నానమ్మ చేత సంతకం చేయించింది.

కల్పిత సంగతి నాలుగు వాక్యాల్లో రాసింది. 1980 పుష్కరాలకి అమ్మానాన్నలతో కృష్ణకి వెళ్ళావు. జనంలో తప్పిపోయి ఏడిచావు. ఒక పెద్దావిడ చేరదీసింది. కాసేపటికి మీ అమ్మ వచ్చి తీసుకెళ్ళింది.

మొదటిసారి తండ్రి, "పుష్కరాలా? నాకేం గుర్తులేదే," అన్నాడు. రెండోసారి, "మైకు గుర్తొస్తోంది. ఫలానా ఊరి నుంచి వచ్చిన ఫలానా వారు అని చదువుతూ ఉండేవాళ్ళు," అన్నాడు. పుష్కరాలన్నాక మైకు ఎవరికైనా గుర్తొస్తుంది. పండు దానికి సగం మార్కు వేసుకుంది.

మూడోసారి ఆదివారం సాయంత్రం హాల్లో కూర్చున్నారు. తండ్రి సోఫాలో, పండు కింద కాగితాలతో, నానమ్మ గుమ్మం దగ్గర గోంగూర వలుస్తూ. తండ్రి కళ్ళు మూసుకున్నాడు.

"పసుపుకుంకాలు అమ్మే ఆవిడ. గంప ముందు కూర్చుంది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పసుపు రంగు చీర. చేతిలో జీళ్ళ పొట్లం, చెమటకి కాగితం అంటుకుపోయింది. ఆ తరవాత అమ్మ. పరిగెత్తుకుంటూ వచ్చింది. జుట్టంతా విడిపోయి, ఒంటి నిండా నీళ్ళు. నన్ను పట్టుకుంటే నా చొక్కా కూడా తడిసిపోయింది."

పండు తల ఎత్తకుండా రాస్తోంది. తను ఇవ్వని వివరాలకి పక్కన చుక్కలు పెడుతోంది. గంప ఒక చుక్క, చీర ఒక చుక్క, జీళ్ళు ఒక చుక్క, తడి చొక్కా ఒక చుక్క. ఇన్ని పడతాయని తనూ అనుకోలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, "గోంగూర నిండా కాడలే అత్తయ్యగారూ, ఆకులేమయ్యాయి?" అంది పండు తల్లి.

"కళ్ళు ఆనట్లేదమ్మా," అంది నానమ్మ.

నియమం ప్రకారం అసలు విషయం చెప్పే రోజు వచ్చింది. నాలుగింటిలో ఒకటి అబద్ధం, ఏదో చెప్పమంది పండు. తండ్రి ఆలోచించి, ఐదు పైసల బిళ్ళ అన్నాడు. "అంత బిళ్ళ మింగితే నాకు గుర్తుండదా?" పండు గెంతులు వేసింది. పుష్కరాల సంగతి తను అల్లిందని విన్నాక ఆయన మొహం చూడాల్సిందే. "అదేమిటే! చీర రంగు కూడా చెప్పానే!"

"పెళ్ళిచూపుల్లో నేను కట్టుకున్న చీర ఏ రంగో చెప్పండి చూద్దాం," అంది తల్లి. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

వైవాకి బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ప్రాజెక్టు రెండుసార్లు తిరగేశారు. "ఈ పసుపు చీర చూశారా?" అన్నారు మేడమ్ వైపు తిరిగి. "పసుపు అమ్మే మనిషి కాబట్టి పసుపు చీర. 1932లో బార్ట్‌లెట్ చెప్పిందిదే. ఖాళీ ఉన్నచోట మనసు తనకి తెలిసిన సరుకుతో పూడ్చుకుంటుంది." పండుని మెచ్చుకుని, "మరి తడి చొక్కా?" అని అడిగారు.

"పుష్కరాల్లో అందరూ తడిగానే ఉంటారు సార్," అంది పండు. ఆయన నవ్వి మార్కులు వేశారు.

ఆ సాయంత్రం ఇంట్లో మైసూర్‌పాక్ పంచారు. మేనత్తకి ఫోను చేసి చెప్పారు. రాత్రి పండు పక్క దులుపుతుంటే నానమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"మార్కులు వేసేశారా?"

"వేసేశారు. 30కి 30."

"ఇంక మార్చరుగా?"

"ఎందుకు మారుస్తారు?"

"నీ కాయితంలో ఓ తప్పుంది. ఆ పసుపుకుంకాల ఆవిడది పసుపు చీర కాదు. ఆకుపచ్చది."

పండుకి నవ్వొచ్చింది. అబద్ధం ఒకరి బుర్రలోంచి ఇంకొకరి బుర్రలోకి పాకిందన్నమాట. వచ్చే ఏడాదికి ప్రాజెక్టు దొరికింది అనుకుంటూ, "నానమ్మా, అది జరగలేదని నువ్వే చెప్పావుగా, మూడుసార్లు!" అంది.

"నువ్వడిగింది తప్పిపోయాడా అని. వాడు తప్పిపోలేదే. ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టి, చేతిలో జీళ్ళ పొట్లం పెట్టి, ఇప్పుడే మునిగొస్తానని చెప్పి వెళ్ళింది నేను. పీకల్లోతుకి వెళ్ళాక ఒక్కసారి వెనక్కి తిరిగాను. అంత జనంలో వాడు ఆనలేదు. ఆ ఆకుపచ్చ చీర ఆనింది."