అంబాసిడర్ గారి ఒంటి వేడి

అంబాసిడర్ కారు పూర్వాశ్రమంలో ఇంగ్లండు దొర. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌గా చలిదేశంలో పుట్టి, బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వారి చేతిలో పేరు మార్చుకుని, 2014 దాకా తయారైంది. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌కు బెజవాడ మే నెల పరీక్షే. అయినా నేరమంతా ఎండ మీదికి నెట్టడం అన్యాయం. మండిన పెట్రోలు వేడిలో సుమారు మూడో వంతు పొగగొట్టం దారి పడితే, ఇంచుమించు అంతే వేడిని నీళ్లు మోయాలి.

ఆ నీళ్లను వాటర్ పంపు తిప్పుతుంది, రేడియేటర్ చల్లారుస్తుంది. గాలి లాగే ఫ్యాను బెల్టుతో ఇంజిన్‌కే ముడిపడి ఉంది. ఇంజిన్ జోరెంతో ఫ్యాను జోరూ అంతే. కనుక బండి ఆగి, గాలి బొత్తిగా తగలని వేళలోనే ఫ్యాను తీరిగ్గా తిరుగుతుంది. పెళ్లి ఊరేగింపులో కారు హీటెక్కితే బ్యాండు మేళాన్ని తిట్టి లాభం లేదు.

ఇక థర్మోస్టాట్. మన షెడ్లలో ఇంత అపనింద మోసిన సామాను మరొకటి లేదు. కారు హీటెక్కిందనగానే మేస్త్రీ మొదట దాన్ని పీకి, ‘ఇది మన దేశానికి అక్కర్లేదండీ’ అని తీర్పు చెబుతాడు. ఓనరు తలూపుతాడు. పాపం, దాని ఉద్యోగం ఇంజిన్‌ను త్వరగా వేడెక్కించి, ఆ వేడిని నిలపడం. నీళ్లు దాదాపు 82 డిగ్రీలకు చేరేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచుతుంది. ఆపైన లోపలి మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుస్తుంది. అది లేని ఇంజిన్ చాలాసేపు చల్లగానే నడుస్తుంది. ఆవిరి కాని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిలును కడిగేసి, కిందికి జారి ఆయిలునే పలచన చేస్తుంది. అరుగుదల పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. మూసుకుపోయి మొరాయించే థర్మోస్టాట్‌ను మార్చాలి. తీసి పారేయడం వైద్యం కాదు.

అసలు దొంగ తరచుగా రేడియేటర్‌లోనే ఉంటాడు. ఎక్కడ ఆగితే అక్కడి బోరు నీళ్లు పోస్తూపోతే గొట్టాల్లో సున్నపు పొర కడుతుంది. కూలెంట్ కలిపిన శుద్ధజలమైతే ఆ పొర, తుప్పు రెండూ తగ్గుతాయి. వదులైన బెల్టు, ఆలస్యమైన ఇగ్నిషన్ టైమింగ్ కూడా వేడి పెంచుతాయి. రేడియేటర్ మూత చిన్న సామానే అయినా ప్రెషర్ కుక్కర్ విజిల్ లాంటి పని చేస్తుంది: చదరపు అంగుళానికి ఒక్కో పౌను ఒత్తిడి పెరిగితే నీళ్లు మరిగే స్థాయి ఒకటిన్నర డిగ్రీకి పైగా పెరుగుతుంది. మూత రబ్బరు పాడైతే ఆ లాభం పోతుంది.

బానెట్ కింద ఆవిరి లేచినప్పుడు చుట్టూ చేరిన నలుగురూ మూత తియ్యమంటారు. తియ్యకూడదు, మరిగే నీరు మొహం మీదికి చిమ్ముతుంది. చన్నీళ్లు గుమ్మరించనూ కూడదు. హెడ్డు, బ్లాకు రెండూ పోత ఇనుమువే, పగలవచ్చు. బండిని నీడకు తోసి, ఇంజిన్ ఆపి, కనీసం అరగంట ఆగండి. సలహాదార్లు కూడా ఆలోపు వెళ్లిపోతారు.