దిద్దుబాటు మాస్టారు

బీజింగ్‌లో స్వర్గాలయం పార్కుకు పొద్దున ఏడింటికి వెళ్తే ఆయన్ని వెతుక్కోనక్కర్లేదు. ఆయనే మనల్ని వెతుక్కుంటూ వస్తాడు. మంచి పంటలు పండాలని మొక్కుకోవడానికి మింగ్ చక్రవర్తి యోంగ్‌లే 1420 నాటికి కట్టించిన గుడి అది. చుట్టూ ముసలి సైప్రస్ చెట్లు. వాటి కింద ఒకాయన పంజరంలో పిట్టకు గాలి తగలనిస్తుంటాడు, ఇంకొకాయన పొడుగాటి కుంచెను నీళ్లలో ముంచి నాపరాళ్ల మీద అక్షరాలు రాస్తుంటాడు, నలుగురు ఈకల బంతిని కాళ్లతో ఎగరేస్తుంటారు. ఓ పక్క ఇరవై మంది వరసగా నిలబడి తాయ్‌చీ చేస్తుంటారు. మన మాస్టారు ఆ వరసలో ఉండడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరి మోచెయ్యి లేచిందా అని చూస్తూ పక్కన తిరుగుతుంటాడు.

ఆయనకు బోర్డు లేదు, ఫీజు లేదు, శిష్యులని చెప్పుకోదగ్గవాళ్లూ లేరు. ఏదో ఫ్యాక్టరీలో లెక్కలు రాసి రిటైరయ్యాడు. వదులు ప్యాంటు, గుడ్డ బూట్లు, చంకలో టీ ఫ్లాస్కు. మెరిసే సిల్కు దుస్తులు వేసుకొచ్చేవాళ్లంటే ఆయనకు పడదు. వాళ్లు పోటీల కోసం పుట్టినవాళ్లని ఆయన తీర్పు.

"భుజం దించమ్మా."

దించింది.

"ఇంకా."

ఇంకాస్త దించింది.

"అది దించడం కాదు, ఒరిగిపోవడం. యాంగ్ చెంగ్‌ఫూ ఏమన్నాడు?"

ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి, మోకాళ్లు పట్టేస్తున్నాయని ఇక్కడికొచ్చింది. యాంగ్ చెంగ్‌ఫూ ఏమన్నాడో ఆవిడకు తెలీదు. మరో పావుగంటలో తప్పకుండా తెలుస్తుంది. 1883లో పుట్టి 1936లో పోయిన ఆ భారీకాయుడైన తాయ్‌చీ గురువు తన శిష్యుడు చెన్ వైమింగ్ చేత పది సూత్రాలు రాయించాడు. తల నిటారుగా ఉండాలి, ఛాతీ పొంగకూడదు, నడుము వదులవ్వాలి, భుజాలూ మోచేతులూ కిందికి దిగాలి, ఒంటి బరువు ఏ కాలి మీద ఉందో ఏ కాలి మీద లేదో తేటతెల్లంగా తెలియాలి. ఈ పదీ వ్యాయామం చేసేటప్పటికి సరిపోతాయని లోకం అనుకుంటుంది. మాస్టారు వాటిని ఇరవై నాలుగ్గంటలూ అమలు చేస్తాడు. క్యాబేజీ సంచి మోసినా మోచెయ్యి దిగే ఉంటుంది. తలుపు తోసినా నడుముతోనే తోస్తాడు. మెట్రో రైల్లో పైనున్న పట్టీ పట్టుకోడు, పాదాలు వేళ్లూనుకోవాలి కదా అంటాడు. బ్రేకు పడగానే ఎదురు సీట్లో అమ్మాయి ఒళ్లో కూలబడి, "ఇది పడిపోవడం కాదమ్మా, వచ్చిన బలానికి దారివ్వడం" అని వివరిస్తాడు.

కొత్తవాడెవడైనా కనబడితే పేరు అడగడు. "ఎవరి దగ్గర నేర్చుకున్నావు? ఆయన ఎవరి దగ్గర?" అని పెళ్లిచూపుల్లో గోత్రం కూపీ లాగినట్టు లాగుతాడు. సొంత ప్రవర మాత్రం అడగకపోయినా చెబుతాడు. అది హెనాన్‌లోని చెన్‌జియాగౌ అనే పల్లెలో, పదిహేడో శతాబ్దపు చెన్ వాంగ్‌తింగ్‌తో మొదలవుతుంది. ఆ వంశంలోనే తర్వాత చెన్ చాంగ్‌షింగ్ వచ్చాడు. ఆయన ఎంత నిటారుగా నిలబడేవాడంటే, ఊళ్లోవాళ్లు పితృదేవతల పేర్లు చెక్కి ఇంట్లో నిలబెట్టుకునే చెక్కపలక పేరుతో ఆయన్ని పిలిచారు. ఆయన దగ్గర నేర్చుకున్న యాంగ్ లూచాన్ (1799–1872) బీజింగ్ వచ్చి రాజకుటుంబాల ఇళ్లలో నేర్పి గొప్పవాడయ్యాడు. మాస్టారి గురువుకు గురువు ఆ యాంగ్ ఇంట్లో ఎవరినో చూశాడట. నేర్చుకున్నాడా అంటే టీ పోసుకుంటాడు.

యాంగ్ లూచాన్ అరచేతిలో పిచ్చుక వాలితే ఎగరలేకపోయేదని ఓ కథ ఉంది. పిట్ట ఎగరాలంటే ముందు కాళ్లతో కిందికి తన్నాలి. అది తన్నిన క్షణంలోనే ఆయన అరచెయ్యి అంతే మేర దిగిపోయేది, తన్నడానికి ఆధారమే దొరికేది కాదు. వినడానికి బాగుంటుంది. మాస్టారు ఓసారి పక్కాయన పంజరంలోని పిట్టతో ఇది ప్రయత్నించాడు. అది సైప్రస్ కొమ్మెక్కి కూర్చుంది. పంజరం యజమాని మాటలు రాయదగ్గవి కావు. మాస్టారు మాత్రం తప్పంతా పిట్ట మీదికే తోశాడు: అది కాళ్లతో తన్నలేదట, మోసం చేసి రెక్కలతోనే ఎగిరిందట.

తాయ్‌చీని వుడాంగ్ కొండల మీద జాంగ్ సాన్‌ఫెంగ్ అనే యోగి కనిపెట్టాడని ఇంకో గాథ. తాంగ్ హావో అనే పరిశోధకుడు 1930ల్లో చెన్‌జియాగౌ దాకా వెళ్లి పాత కాగితాలు తిరగేసి, దానికి ఆధారం లేదని రాశాడు. మాస్టారికి రెండూ సమ్మతమే. కెమెరాతో వచ్చిన విదేశీయుడికి యోగి కథ చెబుతాడు, వుడాంగ్ శిష్యుడు దొరికితే తాంగ్ హావోను బయటికి తీస్తాడు.

ఇక తుయ్‌షౌ. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మణికట్లు ఆనించుకుని, ఒకరు తోస్తే మరొకరు ఎదురు తొయ్యకుండా నడుము తిప్పి ఆ తోపును పక్కకు పోనివ్వాలి. తోసినవాడి బరువు ముందుకొచ్చేస్తుంది, ఆనుకోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు వేలితో తాకినా తూలతాడు. ఇందులో మాయ లేదు, గురుత్వ కేంద్రం పాదాల హద్దు దాటిందంతే. తాయ్‌చీలో బుద్ధికి పట్టాల్సిన సంగతంతా ఇక్కడే ఉంది. చిక్కేమిటంటే, ఎదిరించకు అని రోజూ చెప్పే ఈ పెద్దమనిషి మాటల్లో అంగుళం వెనక్కి తగ్గడు. ఆయనతో మాట కలిపితే చాలు, మణికట్టు కలపనక్కర్లేకుండానే అవతలివాడు తూలతాడు.

మణికట్లు కలిసిన రోజులూ ఉన్నాయి. ఆకుకూరలు కొనుక్కుని ఇంటికెళ్తున్న డెబ్బై ఏళ్ల చిన్న మనిషి ఒకావిడ సంచి బెంచీ మీద పెట్టి, సరదాగా చెయ్యి చాపింది. మాస్టారు తోశాడు. ఆవిడ లేదు. అంటే ఉంది, తోసిన చోట లేదు. మాస్టారు నాలుగడుగులు గబగబా ముందుకు పోయి చెట్టును కావలించుకున్నాడు. ఆవిడ సంచి తీసుకుంది.

"చూశారా?" అన్నాడు చెట్టు దగ్గర్నుంచే. "కావాలనే వెళ్లాను. మీకు అర్థం కావాలని."

నిజమైన పోట్లాట సంగతి ఎత్తితే ఆయన 1954 దాటి ముందుకు రాడు. ఆ ఏడు జనవరి 17న మకావులో తాయ్‌చీ గురువు వూ గోంగ్‌యీకి, తెల్లకొంగ శైలి యువ గురువు చాన్ హక్‌ఫూకి పోటీ జరిగింది. మేఘాల్లా కదిలే చేతుల కోసం వచ్చినవాళ్లకు ఎడాపెడా విసురుకున్న గుద్దులూ, చాన్ ముక్కు వెంట నెత్తురూ కనిపించాయి. ఎవరూ గెలవలేదని తేల్చారు. కానీ జనం ఎంత ఊగిపోయారంటే, మూడు రోజుల్లో హాంకాంగ్ పత్రిక ఒకటి లియాంగ్ యూషెంగ్ చేత కత్తివీరుల సీరియల్ మొదలుపెట్టించింది. ఆధునిక వూషియా నవలలకు అదే నాంది. 2017లో షూ షియావ్‌డాంగ్ అనే మిశ్రమ పోరాట యోధుడు ఒక తాయ్‌చీ గురువును చెంగ్డూలో అర నిమిషం లోపే పడగొట్టిన వీడియో చూపిస్తే మాత్రం మాస్టారికి కళ్లజోడు దొరకదు.

ఆరోగ్యం మాటకొస్తే ఆయన జేబులో మడతపెట్టిన కాగితం ఒకటుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో 195 మంది పార్కిన్సన్స్ రోగుల మీద జరిగి 2012లో అచ్చయిన పరిశోధన అది. ఆరు నెలలు తాయ్‌చీ చేసినవాళ్లకు నిలకడ మెరుగైంది, సాగదీసే కసరత్తులు చేసినవాళ్ల కంటే తక్కువసార్లు పడిపోయారు. బరువులతో కసరత్తు చేసినవాళ్లతో పోలిస్తే ఆ పడిపోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదన్న వాక్యం సరిగ్గా మడతలో పడింది.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. ఆయన దిద్దుబాట్లలో చాలావరకు సరైనవే. మోకాలు లోపలికి మెలితిప్పి తిరుగుతున్న కుర్రాడిని ఆపి, ముందు పాదం తిప్పి తర్వాత ఒళ్లు తిప్పమన్నది ఆయనే. వారానికి వాడి మోకాలి నొప్పి తగ్గింది. నర్సమ్మ భుజమూ దిగింది. సొంత సాధన మాత్రం ఆయన ఎవరూ రాకముందే, గోడ వెనక ముగించుకుంటాడు. ఎవరైనా చూసి ఏదైనా అంటారని భయం.

ఈ మధ్య ఆయనకు సాటి ఒకడు దొరికాడు: ఇంకో పార్కు నుంచి వచ్చిన ఇంకో దిద్దుబాటు మాస్టారు. 1956లో ప్రభుత్వ క్రీడా సంఘం అందరికీ పనికొచ్చేలా కుదించిన 24 భంగిమల క్రమం అంటే ఇద్దరికీ చులకనే, కాబట్టి స్నేహం కుదరాలి. కుదరలేదు. యాంగ్ శైలి పాత క్రమంలో భంగిమలు 85 అని ఒకరు, 108 అని మరొకరు. చేసేది ఒకటే, తేడా లెక్కలో ఉంది. 'పిచ్చుక తోక పట్టడం'లో నాలుగు కదలికలున్నాయి. దాన్ని ఒకటిగా లెక్కపెట్టాలా, నాలుగుగానా? తేల్చుకుందామని పక్కపక్కన నిలబడి, పైకి లెక్కపెడుతూ మొదలుపెట్టారు. ఇరవై మందీ తమ వ్యాయామం ముగించుకుని, ఎవరి మోచేతులతో వాళ్లు ఇంటికెళ్లిపోయారు. మాస్టారి లెక్క అరవై దాటాక ఫోన్ మోగింది. ఇంటావిడ, క్యాబేజీ ఏదని. "తెస్తున్నా" అని పెట్టేసి చూసేసరికి ఎక్కడున్నాడో మర్చిపోయాడు. అవతలాయన ఆగి జాలిగా నవ్వాడు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.