తొలి గిన్నె పండితుడు

టోక్యోలో చేపచారు రామెన్ కొట్టు కొత్తగా తెరిచారంటే చాలు, తలుపు తీయడానికి గంట ముందే వరసలో మొదట నిలబడే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. దారినపోయేవాళ్ళు తిండిపోతనుకుంటారు. పాపం, అది నింద. ఆయన వచ్చింది పరీక్ష పెట్టడానికి. సాక్ష్యం కావాలంటే కొట్టు బయటే దొరుకుతుంది. ఆకలేసినవాడి చూపు తలుపు మీద ఉంటుంది. ఈయన చూపు మాత్రం గోడవారన పేర్చిన నూడుల్స్ పెట్టెల మీద, వాటి మీది తయారీదారు పేరు మీద ఉంటుంది. అది చదవడం అయ్యాక ప్రారంభోత్సవానికి వచ్చిన పూల స్టాండ్ల దగ్గరికి నడుస్తాడు. మన పెళ్ళిళ్ళలో ముసలమ్మలు చదివింపులు విన్నంత శ్రద్ధగా ఎవరెవరు పంపారో చూసి, ఈ వంటవాడు ఏ గురువు దగ్గర గరిటె పట్టాడో, ఎవరితో చెడి బయటికొచ్చాడో తేల్చేస్తాడు. లోపల టికెట్ మిషన్ దగ్గరా తడుముకోడు. పైవరసలో ఎడమ చివరి మీట నొక్కితే ఆ కొట్టు గర్వంగా చెప్పుకునే వంటకం వస్తుందని ఈ లోకంలో అందరికీ తెలిసిందే. చారు ఇంకా నోట పడలేదు, తీర్పు సగం రాయడం అయిపోయింది.

ఈ పండితులు పంది ఎముకల చారు దగ్గరా ఉన్నారు, కాదనను. కానీ చేపచారు దగ్గర వాళ్ళకి పాండిత్యం చూపించే వీలు ఎక్కువ. నిబోషి అంటే చిన్న చేపల్ని ఉడకబెట్టి ఎండబెట్టిన సరుకు; ఎక్కువగా మన ఎండు నెత్తళ్ళకి దగ్గరి చుట్టాలు. తలా పేగులూ తీసేసి కాస్తే చారు నెమ్మదిగా ఉంటుంది, ఉంచి కాస్తే చేదెక్కుతుంది. ఆ చేదు కోసమే పనిగట్టుకుని వచ్చేవాళ్ళున్నారు. చేప మరీ ఎక్కువై చారు బూడిదరంగుకి తిరిగి చిక్కబడితే దాన్ని ముద్దుగా ‘సిమెంట్’ అంటారు. ఈ మాట పొగడ్తేనని బయటివాళ్ళకి చెప్పి ఒప్పించడం కష్టం. ఇక వంశవృక్షం ఎత్తుకుంటే ఆపేవాడు ఉండడు. 1955లో మొదలై నిబోషి వాసనతో పేరు తెచ్చుకున్న ఎయిఫుకుచో తైషోకెన్, మాంసపు చారూ చేపచారూ వేరువేరుగా కాచి ఒకే గిన్నెలో కలిపే పద్ధతికి పేరు తెచ్చిన 1996 నాటి నకానో అవోబా లాంటి కొట్లన్నీ నాలుక చివరే ఉంటాయి. కొంబు నాచులోని రుచికి గ్లుటమేట్ మూలమని ఇకెదా కికునయె 1908లో కనిపెట్టడం, ఎండు బొనీటో చేపలోని ఇనోసినేట్ సంగతి 1913లో కొదామా షింతారో తేల్చడం, ఆ రెండూ కలిస్తే రుచి కూడిక పోయి గుణకారం కావడం కూడా చెబుతాడు. పక్క కుర్చీవాడు అడిగింది మాత్రం మంచినీళ్ళు.

మొదటిరోజు చారు చూసి తీర్పేమిటి, కొట్టు కుదురుకోవద్దా అని ఆక్షేపించేవాళ్ళున్నారు. సబబైన ప్రశ్నే. కానీ నిబోషిలో కొవ్వు పట్టిన కాలాన్నిబట్టి, వచ్చిన సరుకునిబట్టి మారుతుంది. వంటవాడు రోజూ కొత్తగా లెక్క వేసుకోవలసిందే. ఆరునెలలు ఆగినా ఆ చారు ఒకచోట నిలబడదు కనుక మొదటిరోజు గిన్నె మరీ అబద్ధపు గిన్నె కాదు. ఇంత మంచి సమాధానం చేతిలో పెట్టుకుని ఆయన దాన్ని రెండువైపులా వాడటమే నాకు కోపం. చారు కుదిరితే “మొదటిరోజు కదా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాడు” అంటాడు. కుదరకపోతే “మొదటిరోజు కదా, ఇంకా చెయ్యి తిరగలేదు” అంటాడు. ఏ రోజైనా ఆయనదే గెలుపు.

అసలు ఆయనకి తిండిలో ఆనందం ఉందా అన్నది మరో సందేహం. ఆయనలా చప్పుడు చేస్తూ జుర్రడం అనాగరికమని మనం అనుకుంటాం గానీ, గాలితో పాటు లాగితేనే వాసన ముక్కులోపలికి ఎక్కుతుంది. నూడుల్స్ అయ్యాక అఎదామా తెప్పించుకుంటాడు. అంటే విడిగా రుచి కలిపిన మారు నూడుల్స్. సగం పొడిగా తిని, మిగతాది అడుగున మిగిలిన చారులో ముంచుతాడు. ఇంత ఏర్పాటు ఆనందం లేనివాడు చేసుకోడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. గిన్నెడు చారు ఆఖరి చుక్క వరకూ తాగితే చాలా కొట్లలో ఒక్క పూటలోనే ఆ లెక్క దాటిపోతుంది. ఈ అంకె కూడా ఆయనకి కంఠస్థమే. చెప్పి మరీ తాగుతాడు.

ఆయన్ని వెక్కిరించే అర్హత మనకుందా అంటే, మొదటి బంతిలో కూర్చుని పప్పుచారు వేలికి తగలగానే ఇంగువ కంపెనీ పేరు చెప్పే జాతి మనది. తినని గిన్నె మీద ఇంత పొడుగు వ్యాసం రాసేవాడికి మరీ లేదు. పైగా, పదిమంది పట్టని కొట్టు మొదటి వారం గట్టెక్కేది ఇలాంటివాళ్ళ వరసతోనే. అందుకే కాబోలు, కౌంటర్ వెనక వంటవాడు పనిచేస్తున్నట్టే ఉంటూ ఓరకంట ఆయన గిన్నెనే చూస్తుంటాడు. ఆయన రెండు చేతులా ఎత్తి తాగి, అడుగున మిగిలిన చేపపొడిని వెలుతురుకి వంచి చూసి, “తల తీయలేదు” అని గొణిగి, ఖాళీ గిన్నె కౌంటర్ మీదికి జరుపుతాడు. అది మెచ్చుకోలో ఫిర్యాదో తెలియక వంటవాడు నవ్వు మొహం పెట్టుకుని నిలబడతాడు.