బఠాణీ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. పొట్ట పైకి తేలి పొరలాడు చేపకు
మేత మాన్పుమయ్య మిడుకకుండ
తోలు తీసి పెట్టు దొడ్డ బఠాణిని
నీరు మార్చకున్న నింద నీదె

అవతారిక

ఈ పద్యానికి కర్త ఎవరో తెలియదు. ఒక అక్వేరియం షాపు రసీదు వెనక బాల్‌పెన్నుతో రాసి ఉన్న ప్రతి ఒక్కటే ఆధారం. ఛందస్సు ఆటవెలది. గణాలు సరిపోయాయి, యతులు చెడలేదు. రసీదు ముందువైపు మేత డబ్బా, రంగు గులకరాళ్లు, ప్లాస్టిక్ మొక్క, గాజుబుడ్డి, గోల్డ్ ఫిష్ రెండు అని ఉంది. ఫిల్టరు లేదు. పద్యం పుట్టడానికి కారణం అక్కడే కనబడుతోంది.

సన్నివేశం ఇది. పొద్దున్నే హాల్లోంచి పిల్ల కేక వేస్తుంది: “తాతయ్యా, చేప బోర్లా పడింది!” తాతయ్య కళ్లజోడు వెతుక్కుని వచ్చి బుడ్డి దగ్గర వంగి చూస్తాడు. “బోర్లా కాదమ్మా, వెల్లకిలా” అని సవరిస్తాడు. “చచ్చిపోయిందా?” “లేదు, మొప్పలు ఆడుతున్నాయి చూడు.” నిజమే, మొప్పలు ఆడుతున్నాయి. పక్క రెక్కలు కూడా కొట్టుకుంటున్నాయి. చేప ఒకసారి బలం కూడదీసుకుని కిందికి దూకుతుంది, రెక్కలు ఆపగానే మళ్లీ పైకి వచ్చేస్తుంది. పొట్ట మీద రూపాయి బిళ్లంత మేర నీళ్ల బయటే ఉంది. ఇటువంటి చేపను ఉద్దేశించి, దాని యజమానితో కవి అంటున్నాడు.

ప్రతిపదార్థం

పొట్ట = కడుపు; పైకి తేలి = నీటిమట్టం దాటి కనబడేటట్టు తేలి; పొరలాడు = నిలకడ లేక అటూ ఇటూ దొర్లే; చేపకు = గోల్డ్ ఫిష్‌కు; అయ్య = ఓ తొట్టి యజమానీ; మేత = గుళికలు, ఫ్లేక్స్ మొదలైనవి; మాన్పుము = ఆపుము; మిడుకకుండ = (వివాదం ఉంది, కింద చూడండి); తోలు తీసి = పైపొట్టు ఒలిచి; దొడ్డ = (ఇదీ వివాదమే); బఠాణిని = పచ్చి బఠాణీ గింజను; పెట్టు = తినిపించు; నీరు మార్చకున్న = నీళ్లు మార్చకపోయినట్టయితే; నింద = చేప చస్తే వచ్చే అపకీర్తి; నీదె = నీదే, షాపువాడిది కాదు.

వ్యాఖ్య

“చేపకు” అని కవి సామాన్యంగా అన్నాడు గానీ ఇది అన్ని చేపల మాట కాదు. బొచ్చె, కొర్రమీనులను దీని కిందికి తేరాదు. ఇంటి తొట్టెల్లో తలకిందులయ్యేవి ఎక్కువగా గోల్డ్ ఫిష్‌లే, అందులోనూ గుండ్రటి రకాలు: ఒరాండా, ర్యూకిన్, రాంచు, పర్ల్‌స్కేల్. వీటి పూర్వులు పొడుగ్గా, బురద రంగులో ఉండే కార్ప్ జాతి చేపలు. ఇక్కడ రాజమహేంద్రవరంలో నన్నయ భారతం తెనిగిస్తున్న శతాబ్దంలోనే, అక్కడ చైనాలో సోంగ్ రాజుల ఏలుబడిలో, మామూలు చేపల మధ్య అరుదుగా పుట్టే ఎర్రవాటిని ఏరి కొలనుల్లో పెంచుతున్నారు. మింగ్ వంశం కాలానికి (1368–1644) ఆ చేప కొలను దాటి ఇంట్లో కుండలోకి వచ్చింది. కొలనులో అయితే ఒళ్లు వంకరపోయిన చేపను కొంగ వదలదు. కుండలో కొంగ లేదు. పైగా వంకర ముచ్చటగా ఉంటే దానికే జోడీ కట్టారు. రెండు తోకలు, నెత్తిన టోపీ, బూరె లాంటి ఒళ్లు అలా వచ్చాయి. ఒళ్లు పొట్టిదయ్యాక పేగు, గాలితిత్తి, గుడ్ల సంచి అన్నీ ఉన్నచోటే ఇరుక్కుని సర్దుకోవలసి వచ్చింది. గోల్డ్ ఫిష్ గాలితిత్తికి రెండు గదులు ఉంటాయి. కొన్ని గుండ్రటి రకాల్లో వెనకగది బాగా చిన్నదైపోయింది. కాబట్టి ఈ రోగానికి చేప తిండిపోతుతనం ఒక్కటే కారణమని చెప్పే పూర్వవ్యాఖ్యలను మేము అంగీకరించము. సగం బాధ్యత మనిషి ముచ్చటది.

ఆక్షేపం: చేప నీళ్లలో తేలడం కూడా ఒక రోగమేనా?

సమాధానం: తేలడం రోగం కాదు, దిగలేకపోవడం రోగం. ఆరోగ్యంగా ఉన్న చేప గాలితిత్తిలో గాలిని సరిచూసుకుని ఏ లోతులో కావాలంటే ఆ లోతులో నిలబడుతుంది. గోల్డ్ ఫిష్‌లో ఈ తిత్తిని గొంతుతో కలిపే సన్నటి గొట్టం ఒకటి ఉంది. పైకి వచ్చి మింగిన గాలి దాని గుండా తిత్తిలోకి పోగలదు. మనం నీటి మీద చల్లే ఫ్లేక్స్ తేలుతుంటాయి. వాటికోసం మూతి పైకెత్తి చప్పరించినప్పుడల్లా మేతతో పాటు గాలి కూడా లోపలికి పోతుంది. ఎండు గుళికలయితే లోపలికి పోయాక నాని ఉబ్బుతాయి. పేగు బిగిస్తే పక్కనే ఉన్న తిత్తి మీద ఒత్తిడి. కొలత అక్కడ తప్పుతుంది.

“పొట్ట” అన్న మాట మీద ఇంకొక సూక్ష్మం. గోల్డ్ ఫిష్‌కు నిజానికి మనలాంటి జీర్ణాశయం లేదు. గొంతు లోపల ఉన్న పళ్లతో మేతను నూరి నేరుగా పేగులోకి పంపుతుంది. నిలవ చేసుకునే సంచి లేదు కనక పెట్టినదంతా పేగులోనే సర్దుకోవాలి. “పాపం, కడుపునిండా పెట్టాను” అని ఇంట్లోవాళ్లు చెప్పే మాట ఈ ప్రాణి విషయంలో శాస్త్రవిరుద్ధం. పూటకు చిటికెడు, ఒకటి రెండు నిమిషాల్లో తినేసేంత చాలు. అదీ ముందు నానబెట్టి, వీలైతే మునిగే గుళికలే వెయ్యాలి.

“పైకి తేలి” అన్నది ఉపలక్షణం. అడుగున పడి లేవలేని చేపను కూడా ఇక్కడే గ్రహించాలి. కానీ పొలుసులన్నీ నిక్కి ఒళ్లు ఉబ్బిపోయిన చేపను గ్రహించరాదు. అది లోపల నీరు చేరిన జబ్బు, తరచు మూత్రపిండాలు చెడిపోయాయనడానికి గుర్తు. అక్కడ బఠాణీ ప్రయోగించడం కాలయాపన.

“మేత మాన్పు” అన్నాడు, ఎన్నాళ్లో చెప్పలేదు. కవికి తెలియక కాదు, ఆటవెలదిలో చోటు లేక. వాడుకలో ఒక రోజు నుంచి మూడు రోజుల దాకా ఆపుతారు. బాగా ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న గోల్డ్ ఫిష్ వారం పాటు తిండి లేకున్నా తట్టుకుంటుంది. మనకు లంఘనం పరమౌషధమని చెప్పిన పెద్దలు చేపలను చూసి చెప్పలేదు కానీ, వర్తింపు కుదిరింది. చలికాలంలో నీళ్లు చల్లబడితే చేప అరుగుదల ఇంకా మందగిస్తుంది. ఆ రోజుల్లో మేత తగ్గించడం పథ్యం.

ఇక “మిడుకకుండ”. మిడుకవద్దని, అంటే బాధపడవద్దని, ఎవరికి చెబుతున్నాడు? చేప మిడుకకుండా అని ఒక అన్వయం. యజమాని మిడుకకుండా అని రెండోది. మేము రెండోదాని పక్షం. గోల్డ్ ఫిష్ అలవాటైన మనిషి నీడ కనబడగానే గాజు దగ్గరకు వచ్చి మూతి ఆడిస్తుంది. ఆకలి ఉన్నా ఆడిస్తుంది, లేకున్నా ఆడిస్తుంది. అది చూసి “ఒక్క గింజ వేస్తే ఏమవుతుందిలే” అని డబ్బా మూత తీసే చెయ్యి యజమానిదే. అమ్మమ్మ ఒకసారి, పిల్ల ఒకసారి, పనమ్మాయి ఒకసారి వేస్తే అది ఉపవాసం కాదు, మూడు పూటల భోజనం. డబ్బా దాచిపెట్టాలన్నది ఇక్కడ ధ్వని.

“దొడ్డ బఠాణి.” దొడ్డ అంటే లావైన అని కొందరు రాశారు. లావు గింజను అలాగే వేస్తే చేప నోట్లో పట్టదు. దొడ్డ గుణం గలదని మరికొందరు. ఈ పదం కేవలం యతి కోసం పడిందనీ, “తోలు”కు “దొడ్డ” దొరకగానే కవి ఊపిరి పీల్చుకున్నాడనీ మా ఉద్దేశం. ప్రయోగవిధి ఇది. పచ్చి బఠాణీ ఒకదాన్ని ఉప్పు, నూనె, తాలింపు ఏదీ లేకుండా మెత్తబడేదాకా ఉడికించి చల్లార్చాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే పొట్టు చిట్లి లోపలి పప్పు రెండు బద్దలుగా జారి వస్తుంది. దాన్ని చిదిమి, చేప కన్నంత ముక్క చేసి మూతి ముందు వదలాలి. చేప లోపలికి పీలుస్తుంది, ఉమ్మేస్తుంది, మళ్లీ పీలుస్తుంది. మూడోసారికి గొంతు పళ్ల దాకా పోతే నమలడం మొదలవుతుంది. తినని ముక్కను గంటలోపు తీసెయ్యాలి, లేకపోతే అది నాలుగో పాదానికి పని కల్పిస్తుంది.

బఠాణీకి ఉన్న కీర్తి దాని సాక్ష్యానికి మించినది. పీచు ఉంది, మునుగుతుంది, నానినది, గాలి మింగించదు. మలబద్ధకం వల్ల తేలుతున్న చేపకు ఇంతమాత్రం ఉపకారం చేయవచ్చు. తిత్తికి బాక్టీరియా సోకినా, మూత్రపిండంలో నీటితిత్తులు ఏర్పడి పక్కకు నెట్టినా, బఠాణీ అక్కడికి చేరి చేసేదేమీ లేదు. అటువంటప్పుడు ఎక్స్‌రే తీయగల పశువైద్యుడు దొరికితే చేపదే అదృష్టం. భేది ఉప్పు సంగతి కవి ఎత్తలేదు. వేరే తొట్టిలో పది లీటర్లకు ఒక టీస్పూను చొప్పున కలిపి కాసేపు ఉంచే వాడుక ఉంది. వంటింటి రాళ్ల ఉప్పు, ఇది ఒకటి కావు. రెండూ తెల్లగా ఉన్నంత మాత్రాన పర్యాయపదాలు అనుకోరాదు.

ఇప్పుడు నాలుగో పాదం. మొదటి మూడు పాదాలూ దీనికి ఉపోద్ఘాతమే. చేప తన లోపలి అమ్మోనియాను చాలావరకు మొప్పల గుండానే నీళ్లలోకి వదులుతుంది. అంటే మేత పెరిగిన కొద్దీ తను పీల్చే నీళ్లను తనే చెరుపుకుంటుంది. చెరువులో ఈ లెక్క అంటదు. అయిదు లీటర్ల బుడ్డిలో ఒక్క రోజులోనే అంటుతుంది. ఫిల్టరు స్పాంజిలో కుదురుకున్న బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును అంతకంటే తక్కువ విషమైన నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ నీళ్లలో సున్నా ఉండాలి. మూడోదాన్ని తగ్గించే ముఖ్యమైన మార్గం నీళ్లు మార్చడం. వారానికి పాతికో ముప్పయ్యో శాతం తీసి అంతే కొత్తవి పొయ్యాలి. మొత్తం తోడేసి బుడ్డిని పీచుతో రుద్ది కడగడం శుభ్రతే గానీ, పనిచేసే బాక్టీరియా కూడా ఆ సింకులోనే పోతాయి. స్పాంజిని కుళాయి కింద పట్టకూడదు. తోడిన తొట్టి నీళ్లలోనే పిండాలి. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ విరిచే చుక్కలు వేసి, వేడి చలువ సరిచూసి పొయ్యాలి.

ఒక్క గుండ్రటి గోల్డ్ ఫిష్‌కు కనీసం డెబ్బయి అయిదు లీటర్లు, తర్వాత వచ్చే ప్రతిదానికీ మరో నలభై అన్నది పెంపకందారులు చెప్పే లెక్క. గాజుబుడ్డి బల్లమీద అందంగానే ఉంటుంది. రోమ్ నగరపాలకులు 2005లో గోల్డ్ ఫిష్‌ను గుండ్రటి బుడ్డిలో ఉంచరాదని నియమం చేశారు. మన కవి అంత దూరం పోకుండా “నింద నీదె” అని ఊరుకున్నాడు.

తాత్పర్యం

ఓ తొట్టి యజమానీ, నీ గోల్డ్ ఫిష్ వెల్లకిలా తేలుతుంటే మందుల షాపుకు పరిగెత్తక ముందు మేత ఆపు, మనసు గట్టి చేసుకో, పొట్టు తీసిన బఠాణీ కాస్త పెట్టి చూడు. ఇదంతా చేస్తూ నీళ్లు మురగనిచ్చావా, చేప పోయాక బఠాణీని తిట్టకు.

పాఠాంతరం

“నీరు మార్చి చూడు నిలుచు చేప” అని నాలుగో పాదానికి మరో పాఠం వినబడుతోంది. ఛందస్సు కుదిరింది, వినడానికీ హాయిగా ఉంది. అయినా ఇది అసలు పాఠం కాదు, చేపలు అమ్మేవారు చేర్చినది. నీళ్లు మార్చినా నిలవని చేపలు ఉన్నాయి. పుట్టుకతోనే తిత్తి వంకర పోయినవి బఠాణీకి, భేది ఉప్పుకు, మంచినీళ్లకు దేనికీ సరికావు. అలాంటిదాన్ని కూడా చంపనక్కరలేదు. తొట్టిలో నీటిమట్టం తగ్గిస్తే దానికి ఎక్కడం, దిగడం శ్రమ తగ్గుతుంది. పొట్ట ఎప్పుడూ బయటే ఉంటే చర్మం ఆరి పుండు పడుతుంది గనక దాన్ని రోజూ చూస్తుండాలి. మేతను చేత్తో మూతి దగ్గరకు అందిస్తే వెల్లకిలా ఉండే తింటుంది.

రసీదు మీద పద్యం కింద ఇంకొక వాక్యం కూడా ఉంది: “తొట్లో చెయ్యి పెట్టే ముందు సబ్బు పూర్తిగా పోయేలా కడుక్కోండి సార్.” అది వచనం గనక దానికి టీక అక్కరలేదు.