శిథిలానంద మాస్టారు

ఇంగ్లీషు మాస్టార్లలో చాలా రకాలున్నారు. కామా తప్పితే అన్నం సహించనివారు, షేక్‌స్పియర్ పేరెత్తగానే కళ్లు మూసుకునేవారు, ముప్ఫయ్యేళ్లుగా ఒకే నోట్సు చెప్పేవారు. వీళ్లందరితోనూ ఎలాగో వేగవచ్చు. వేగలేనిది శిథిలానంద మాస్టారితోనే. ఎమ్మేలో పాడుబడ్డ కోటల గోథిక్ నవలలు చదివిన నాటి నుంచి, నిటారుగా నిలబడ్డ వస్తువేదీ ఆయన కంటికి ఆనదు. "బాగున్నారా సార్?" అని పలకరిస్తే, "డీకేయింగ్, బట్ గ్రేస్‌ఫుల్లీ" అంటారు.

కరెంటు పోతే మనం "పోయింది" అని ఊరుకుంటాం. మాస్టారు "స్టిజియన్ గ్లూమ్!" అంటూ వరండాలోకొచ్చి చేతులు చాస్తారు. అది గ్రీకుల పాతాళ నది స్టిక్స్ ఒడ్డున ఉండే చీకటి. మన సబ్‌స్టేషన్లు సరఫరా చేసే రకం కాదు. లోపలినుంచి వాళ్లావిడ, "ఆ గ్లూమేదో తర్వాత చూద్దురుగాని, ముందు ఇన్వర్టరు స్విచ్చి వేయండి" అంటుంది.

రైతుబజారులో ఉల్లిగడ్డ మెత్తగా తగిలితే ముక్కు మూసుకుని "ప్యూట్రిఫాక్షన్!" అంటారు. కడపలో ఉద్యోగం చేసే రోజుల్లో ఓ కొట్టతను కంగారుపడి, "ఫ్యాక్షనా? మాకవన్నీ తెలీవు సార్, కావాలంటే ఇంకో గడ్డ తీసుకోండి" అన్నాడు.

పెళ్లికి పిలిస్తే మరీ ప్రమాదం. పెళ్లికొడుకు తండ్రి పక్కనే విస్తరి ముందు కూర్చుని, డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' నవల ఎత్తుకుంటారు. అందులో మిస్ హావిషామ్ పెళ్లి ఆగిపోయిన నాటి నుంచి ఒంటి మీది పెళ్లిబట్టలు మార్చదు. బల్లమీది కేకు సాలెగూళ్లు పట్టి ఏళ్లతరబడి కుళ్లుతుంటుంది. ఆ కుళ్లును మాస్టారు వర్ణించి వర్ణించి చెబుతుంటే, వియ్యంకుడు బూరె సగంలో వదిలి చెయ్యి కడుక్కుంటాడు.

గొప్పదనమంతా కూలడంలోనే ఉందని ఆయన నమ్మకం. ఎడ్గార్ ఎలన్ పో 1839లో ఓ కథలో అషర్ వాళ్ల ఇంటిని నిలువునా చీల్చి చెరువులో ముంచేశాడు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు జమీందార్లు తోటల్లో శిథిలమైన కోటల్ని కొత్తగా కట్టించుకున్నారు. టింటర్న్ అబ్బే అనే పాడుబడ్డ మఠం మొండిగోడలు మరీ తీరుగా ఉన్నాయనీ, ఎవరైనా సుత్తితో నేర్పుగా నాలుగు వడ్డిస్తే అందం వస్తుందనీ విలియం గిల్పిన్ అనే మతాచార్యుడు 1782లో అచ్చేశాడు. "అదీ అభిరుచంటే! మనవాళ్లు పగులు కనిపిస్తే చాలు, సిమెంటు పూసేస్తారు" అని మాస్టారు నిట్టూరుస్తారు. ఆయన స్కూటరు మాత్రం ప్రతి ఆదివారం తళతళలాడాలి. జుట్టుకు రంగు నెల తప్పకూడదు.

ఓ వానాకాలం క్వార్టర్సులో వంటింటి పైకప్పు పెచ్చూడి సాంబారు గిన్నెలో పడింది. మరమ్మతు కోసం మాస్టారు ఇంజినీరుగారికి రెండు పేజీల అర్జీ రాశారు. డిక్రెపిట్, డిలాపిడేటెడ్, మోల్డరింగ్, ఇంపెండింగ్ రూయిన్... ఇన్నేళ్లుగా దాచుకున్న సరుకంతా దింపేశారు. ఇంజినీరుగారికి గోథిక్ సాహిత్యంతో పరిచయం లేదు. ప్రతి మాటా నమ్మారు. వారం తిరక్కుండా జవాబొచ్చింది: మీరు తెలియజేసిన స్థితిని బట్టి భవనం నివాసయోగ్యం కాదు, పదిహేను రోజుల్లో ఖాళీ చేయవలెను, కూల్చివేతకు టెండర్లు పిలవబడును.

మాస్టారు రాత్రికి రాత్రే రెండో అర్జీ రాశారు. "బిల్డింగ్ వెరీ స్ట్రాంగ్. వన్ స్మాల్ హోల్ ఓన్లీ." ఆయన జీవితంలో అంత పొదుపైన ఇంగ్లీషు అదే మొదలు.

దానికీ జవాబొచ్చింది: పటిష్ఠంగా ఉన్న భవనానికి మరమ్మతు నిధులు మంజూరు చేయుటకు వీలుపడదు.

చివరికి ఆవిడే మేస్త్రీని పిలిపించింది. మాస్టారు నిచ్చెన కింద నిలబడి తట్ట అందిస్తూ, "ఇంకాస్త మందంగా పుయ్యవయ్యా, సిమెంటుకు మొహమాటపడకు" అన్నారు.